చరిత్రకు చందా ఎవరిది? కొమర్రాజు లక్ష్మణరావు సంస్థాజీవితం

సికిందరాబాదు కంటోన్మెంటులో కార్ఖానా అనే పేట ఉంది. పేరులోనే పని ఉంది; కాని ఆ పని చేసిన చేతులెవరివో ఆ పేరు చెప్పదు. శ్రమ మిగిలి శ్రామికుడు మాయం కావటం మన చరిత్ర రచనకు పాత జబ్బు. దీనికి మంచి పుస్తకం ఒక్కటే మందు కాదు. చరిత్రను సేకరించి, అచ్చువేసి, చదివించే సంఘం కావాలి. తెలుగునాట యీ సంగతి ముందుగా గ్రహించినవారిలో కొమర్రాజు లక్ష్మణరావు (1877-1923) ముఖ్యుడు.

నాగపూరులో చదువుకున్న ఆయన మహారాష్ట్రలో సాగుతున్న చరిత్ర పరిశోధనను దగ్గరగా చూశాడు. తెలుగులో శివాజీ చరిత్ర రాశాడు. రాతతో తృప్తిపడక సంస్థలకు పూనుకున్నాడు. పాలన, చదువు ఉర్దూలో సాగుతున్న నిజాం రాజ్యంలో, 1901లో రావిచెట్టు రంగారావు ప్రభృతులతో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని నెలకొల్పాడు. 1905లో సికిందరాబాదులోనూ ఆంధ్ర సంవర్ధని గ్రంథాలయం వెలసింది. 1906లో ఆయన స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రాలను తెలుగులో ప్రచురించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర 1907లోనూ, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర మొదటి భాగం 1910లోనూ వెలువడ్డాయి.

ఇక్కడే చిక్కుప్రశ్న ఉంది. లక్ష్మణరావు మునగాల జమీందారు దివాను. యీ కృషికి ఆ జమీందారు అండ ఉంది. బానిసల విముక్తి కథను తెలుగువారికి అందించిన సంస్థకు, రైతు చెమట మీద బతికే జమీ ఆసరా అయింది. లక్ష్మణరావు పోయిన తర్వాత, 1930లలో, అదే మునగాల రైతులు జమీందారీ మీద తిరగబడ్డారు.

అంతమాత్రాన ఆ కృషిని జమీందారీ విలాసమని తోసివేయటం తొందరపాటు. ఆయనను మచ్చలేని మహాపురుషునిగా నిలబెట్టటం మరో పొరపాటు. ఆ సంస్థలు జ్ఞానాన్ని పండితుల గుప్పిటనుంచి తప్పించాయి. కాని వాటి చూపు ఎక్కువగా రాజ్యాలమీద, జాతి గర్వంమీద నిలిచింది. పల్లెలో పన్ను కట్టినవాడు ఆ పుటలలో అరుదు. స్త్రీల చరిత్రలను ఏర్చికూర్చిన ఆయన అక్క భండారు అచ్చమాంబ 1905లోనే కన్నుమూసింది. ఆమె తెరిచిన దారి చాలాకాలం బోసిపోయింది.

ఆంధ్ర విజ్ఞానసర్వస్వం మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటకముందే లక్ష్మణరావు మరణించాడు. అయినా పని ఆగలేదు. ఆయన పేర నడిచిన పరిశోధక మండలి తెలంగాణా శాసనాలను వెలికితీసింది. 1949లో సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రజల తిండిని, బట్టను, వృత్తులను చరిత్రగా నిలబెట్టింది. సంస్థ వేసిన బాట దాన్ని వేసినవాడి వర్గదృష్టిని దాటి పోగలదనటానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

కాబట్టి మనం అడగవలసింది సంస్థ నాయకుడు ఎంత గొప్పవాడని కాదు. దానికి డబ్బు ఎవరిస్తున్నారు, అందులో ఎవరి మాట నమోదవుతున్నది, ఎవరు చదువుతున్నారు అని. విద్యార్థులూ ఉపాధ్యాయులూ తమ చందాలతో చిన్న మండళ్లు పెట్టుకుని, కార్ఖానా వంటి పేటలలో వృద్ధుల నోట పని చరిత్రను రాసి ఉంచితే, లక్ష్మణరావు మొదలుపెట్టిన పని ఆయన చేరని గడపలదాకా చేరుతుంది.