గాదంకి రాడార్: రొదలోంచి గాలిని ఏరిన పద్ధతి

గాలుల వేగాన్ని నేల మీది నుంచే ఆకాశంలో చాలా ఎత్తు వరకు కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌కు భారత్‌లో స్థలం ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూశారు: భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం, రేడియో రొద తక్కువగా ఉండడం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, పాకాల దగ్గరి గాదంకిలో ఈ రెండూ కుదిరాయి. ఊరి చుట్టూ కొండలు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమూ దూరం కాదు. 1993 నాటికి రాడార్ పూర్తిస్థాయిలో పనిచేయసాగింది.

రొదకు అంతగా జంకడానికి కారణం ఉంది. సుమారు 130 మీటర్ల చదరంలో నిలిపిన 1,024 యాగీ యాంటెన్నాలు 53 మెగాహెర్ట్జ్ వద్ద గరిష్ఠంగా 2.5 మెగావాట్ల శక్తిని మొదట్లో పైకి పంపేవి. గాలి సుడులను తాకి తిరిగొచ్చేది మాత్రం అతి స్వల్పం. నిర్మలాకాశం నుంచీ ఇలాంటి ప్రతిధ్వనులు అందుతాయని పెరూలోని హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్, గియెన్ 1974లో చూపారు. పైగా 53 మెగాహెర్ట్జ్ పాత టీవీ ప్రసారాల తొలి బ్యాండ్‌లోకే వస్తుంది.

అందిన సంకేతాన్ని ఫూరియే పద్ధతిలో విడదీస్తే ఒక్కో ఎత్తుకు ఒక్కో డాప్లర్ స్పెక్ట్రం వస్తుంది. అసలు కిటుకు వాటన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చి చూడడంలో ఉంది. గాలి వేగం ఎత్తును బట్టి మారుతుంది కాబట్టి దాని శిఖరం పక్కలకు జరుగుతూ పోతుంది. కొండల నుంచి వచ్చే ప్రతిధ్వని సున్నా దగ్గరే కదలకుండా ఉంటుంది. బయటి ఇంటర్‌ఫియరెన్స్‌కు ఎత్తుతో సంబంధం లేదు. అన్ని ఎత్తుల్లోనూ ఒకే చోట నిలువు గీతలా కనిపిస్తుంది. దాన్ని తొలగించడానికి, గాలి ప్రతిధ్వని అందనంత పైనున్న స్పెక్ట్రాన్ని నమూనాగా తీసుకుని, అక్కడ కనిపించే గీతను మిగతా ఎత్తుల నుంచి తీసివేస్తారు. సున్నా దగ్గరి విలువ స్థానంలో పక్క బిందువుల సగటు వేస్తారు.

ఈ తీసివేతకు ఒక హద్దుంది. గీత సరిగ్గా గాలి శిఖరం మీదే పడితే గీతతోపాటు గాలి సమాచారమూ దెబ్బతింటుంది. అందుకే గణితం కన్నా ముందు జరిగిన స్థలం ఎంపికే గొప్ప నిర్ణయం.

రొద నుంచి తప్పుకోవడం వైఫై నెట్‌వర్కులకు కొంత తేలిక. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదని ప్రకటించాక అందులో పోటీ పెరిగింది. పైగా అక్కడ చానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే, ఒక్కో ప్రసారం దాదాపు 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. కాబట్టి స్పెక్ట్రం అనలైజర్‌తో రద్దీ చూసి 1, 6, 11 చానెళ్లలో ఖాళీగా ఉన్నదానికి మారతారు. తనకు కేటాయించిన ఫ్రీక్వెన్సీని వదిలిపోయే వెసులుబాటు రాడార్‌కు లేదు.

2005లోనే గాదంకి కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. తర్వాత ప్రతి యాంటెన్నాకూ విడిగా ఒక ఘనస్థితి ప్రసార–గ్రహణ మాడ్యూల్‌ను అమర్చారు.