వేసవి సెలవులలో పేదబిడ్డల అన్నము

మన దేశమున బడిలో అన్నము పెట్టుటకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. బడి మూసిన దినములలో అన్నము పెట్టుటకు గల చరిత్ర మాత్రము మిక్కిలి చిన్నది. ఆ చిన్న చరిత్రను గూర్చియు, దాని మంచిచెడ్డలను తూచవలసిన విధమును గూర్చియు ఈ సంచిక మూలమున విన్నవింపదలచితిమి.

1920 లో చెన్నపట్టణ కార్పొరేషనుకు అధ్యక్షులుగా నుండిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు తెలుగు కుటుంబమునకు చెందినవారు. వారి కాలమున థౌజండ్ లైట్సు పేటలోని కార్పొరేషను పాఠశాలలో పిల్లలకు తిండి పెట్టుటకు తీర్మానము జరిగెను. దినమునకు తలకొక అణాకు మించరాదని కట్టడి. 1925 లో ప్రభుత్వము ఖర్చునకు అభ్యంతరము చెప్పగా ఆ యేర్పాటు నిలిచి, తరువాత మరల సాగెను. దేశమంతటికి వర్తించు పథకము 1995 ఆగస్టు 15 న వచ్చెను. వండిన అన్నమునే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28 న ఆజ్ఞాపించెను. మన బెంగళూరున అక్షయపాత్ర సంస్థ 2000 జూనులో 5 బడులలో 1,500 మంది పిల్లలతో పని మొదలిడెను. కర్ణాటక ప్రభుత్వము 2002 లో ఉత్తరపు 7 జిల్లాలలో ‘అక్షర దాసోహ’ను ఆరంభించి, పిమ్మట రాష్ట్రమంతట విస్తరింపజేసెను.

ఇవన్నియు గొప్ప కార్యములే. కాని అన్నియు బడి గంటతో ముడిపడినవి. వంటచేయు స్త్రీలకు కేంద్రము లెక్కగట్టు గౌరవవేతనము సైతము ఏటికి 10 నెలలకే. మిగిలిన రెండు నెలల ఆకలికి పద్దు లేదు.

ఈ లోపమును గుర్తించి సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20 న, కరవు ప్రాంతములలో వేసవి సెలవులందును మధ్యాహ్న భోజనము పెట్టవలెనని ఆదేశించెను. కర్ణాటకమున 236 తాలూకాలలో 223 కరవు తాలూకాలుగా ప్రకటింపబడిన మీదట, 2024 వేసవిలో అట్టి తాలూకాల బడిపిల్లలకు సెలవులలోను భోజనపు ఏర్పాటు జరిగెను.

అయితే కరవును వానతోను పంటతోను కొలుతురు. అనంతపురము నుండియు పాలమూరు నుండియు వచ్చి ఈ నగరమున మేడలు కట్టుచున్న కూలీల బిడ్డలకు, వాన చక్కగా కురిసిన యేట సైతము, ఏప్రిల్, మే మాసములు కరవు మాసములే. తల్లిదండ్రులు పనికి పోవుదురు. రేకుల షెడ్డులో పదేండ్ల అక్క తమ్ముని కాచుకొని యుండును. ఆ బిడ్డ ఏ తాలూకా జాబితాలోనిది?

బడి అన్నము వలన నిజముగా మేలున్నదా యని శంకించువారికి పండితుల పరిశోధనలు సమాధానము చెప్పుచున్నవి. ఫర్జానా అఫ్రీదిగారు మధ్యప్రదేశమున బడి యున్న దినమున పిల్లలు తిన్న తిండిని, బడి లేని దినపు తిండితో పోల్చి చూచి 2010 లో ప్రకటించిరి. బడిలో పెట్టినందుకు ఇంట పూర్తిగా కోత పెట్టుట లేదనియు, పోషకమును బట్టి దాదాపు సగము మొదలుకొని సంపూర్ణముగా బిడ్డకు అదనముగా చేరుచున్నదనియు తేలినది. మన ఆంధ్రప్రదేశపు పిల్లలను పరిశీలించి 2014 లో వెలువడిన మరియొక అధ్యయనము, కరవు వలన దెబ్బతిన్న పసిపిల్లల ఎదుగుదలకు బడి భోజనము అండగా నిలిచినదని చూపెను. అట్లయిన, బడి మూసిన నాడు ఆ అండయు తొలగునని వేరుగ చెప్పనక్కరలేదు.

అమెరికాలో 1968 నుండియే వేసవి భోజనములకు ప్రభుత్వ సాయము కలదు. ఇంగ్లండున ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్ 2020 లో గట్టిగా అడిగిన పిమ్మట, సెలవుల భోజన, వినోద కార్యక్రమము 2021 లో దేశమంతట అమలునకు వచ్చెను. ఏటికి 6 వారములు, వారమునకు 4 దినములు, దినమునకు 4 గంటలు దాని కొలత. అచ్చట అన్నముతో బాటు ఆటపాటలును ఉండుట మనము గమనింపదగినది. ‘పేదల పంక్తి’ యనిన బిడ్డ సిగ్గుపడును; ఆటకు రమ్మనిన పరుగెత్తుకొని వచ్చును.

లెక్కల పుస్తకములతో జీవితకాలము గడిపిన మాబోటివారికి ఒక సంగతి తెలియును. ఇన్ని విస్తళ్లు లేచినవని వ్రాసినంత మాత్రమున పద్దు సరిపోవచ్చును గాని ఫలము తెలియదు. మార్చిలో బడిలో తిన్నవారిలో ఏప్రిలులో ఎందరు వచ్చిరి? రానివారు ఊరికి పోయిరా, తమ్ముని కాచుచుండిరా, పనికి పోయిరా? వచ్చినవారు ఇంట రాత్రి ఏమి తినిరి? బడి తెరచిన వారమున వారి బరువెంత, హాజరెంత? ఈ నాలుగు గడులు లేని నివేదిక కేవలము విస్తళ్ల లెక్క. అందు రాని బిడ్డ పేరు ఎన్నటికిని కనబడదు. మనము వెదుకవలసినది ఆ బిడ్డనే.

ఈ నగరమున స్థిరపడి, సొంత ఇండ్లు కట్టుకొని సుఖముగా నున్న మన కుటుంబములకు ఇది పరాయి విషయము కాదు. మన గోడలు లేపిన చేతులు మన భాషనే మాటలాడుచున్నవి. వేసవిలో సంఘపు హాలు పగటివేళ తరచు ఖాళీగా నుండును. ఒక పూట అన్నము, ఒక గంట కథ, కొంత ఆట, వాటి ప్రక్కన నాలుగు గడుల పుస్తకమొకటి. మొదటి యేట ఇరువది మంది బిడ్డలతో ఆరంభించినను చాలును. రాని బిడ్డ ఎందుకు రాలేదో మరునాడు పోయి అడుగు మనిషి యొక్కడు మాత్రము తప్పక యుండవలెను.