నడుముకు కట్టే పంపు వెనుక కథ

రాయి, టైలు కోసే చోట సేఫ్టీవాళ్లు అప్పుడప్పుడు మీ నడుముకు చిన్న పంపు, కాలరుకు గొట్టం తగిలిస్తారు. ఆ కాగితాలు ఫైలులో పెట్టే గుమస్తాలం మేము. దీని వెనుక నూరేళ్ల చరిత్ర ఉంది.

దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో రాతిదుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు గట్టిపడి వేలాదిమంది కార్మికులు చనిపోయారు. 1916లో అక్కడి ప్రభుత్వ గనుల ఇంజినీరు రాబర్ట్ కోట్జె 'కోనీమీటర్' తయారుచేశారు. అది గాలిని జిడ్డు పూసిన గాజుపలకకు కొట్టేది. అంటుకున్న రేణువులను మైక్రోస్కోపులో లెక్కపెట్టేవారు. రేణువులెన్నో తెలిసేది గానీ, అందులో ప్రాణం తీసే క్వార్ట్జ్ ఎంతో తెలిసేది కాదు.

దానికి దారి 1912లోనే జర్మనీలో పడింది. స్ఫటికాల గుండా పంపిన ఎక్స్‌రేలు ఒక క్రమంలో చెదురుతాయని మాక్స్ ఫాన్ లావే చూపారు. ఆ క్రమం వేలిముద్రలాగా ఏ ఖనిజానిది ఆ ఖనిజానికే. ఇప్పుడు ల్యాబులో మీ గొట్టం చివరి ఫిల్టరును అలాగే పరీక్షించి క్వార్ట్జ్ బరువు కడతారు. 2016లో అమెరికా పెట్టిన హద్దు, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు!

కంటికి కనపడని దుమ్మే లోతుగా వెళ్తుంది. అందుకే పంపు బరువనిపించినా విప్పి పక్కన పెట్టకండి. తర్వాత ఫలితమెంతో అడగండి. అది మీ ఊపిరి లెక్క.