సాసేజి విషం నుంచి కనురెప్పల మందు దాకా

మనిషి ప్రమేయం లేకుండా రెండు కళ్ల రెప్పలూ గట్టిగా మూతపడిపోయే జబ్బును బ్లెఫరోస్పాజమ్ అంటారు. ముఖంలో ఒక పక్క కండరాలే ఉండుండి లాగేస్తుంటే అది హెమీఫేషియల్ స్పాజమ్. శకునాలు చూసే మామూలు కన్నదురు వేరు. అది కొన్నాళ్లకు తనంతట తగ్గుతుంది. ఇవి ఏళ్ల తరబడి వదలవు. రెప్పలు మూతపడే రోగికి చూపు బాగానే ఉన్నా చదవడం, రోడ్డు దాటడం గండమే. ఫ్రెంచి నాడీవైద్యుడు ఆన్రీ మేజ్ 1910లోనే బ్లెఫరోస్పాజమ్‌ను వివరంగా వర్ణించినా, ఆ తర్వాతా చాలాకాలం దీన్ని మనోవ్యాధి కింద జమకట్టారు. ముఖనాడిలోకి ఆల్కహాలు ఎక్కించడం, నాడిని కోయడం, రెప్పల కండరాన్ని తొలగించడం అప్పటి చికిత్సలు. నాడిని కోస్తే బిగింపు ఆగేది, ముఖమూ చచ్చుబడేది.

చివరికి పనికొచ్చిన మందు ఒక విషం. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని వూర్టెంబర్గ్‌లో పాడైన సాసేజీలు తిని జనం చనిపోతుండేవారు. ఆ కేసులను శ్రద్ధగా నమోదు చేసినవాడు జస్టినస్ కెర్నర్. వృత్తి వైద్యం, కవిగానూ పేరున్నవాడు. 1822లో అచ్చయిన పుస్తకంలో 155 మంది రోగుల వివరాలిచ్చాడు: రెప్పలు వాలిపోవడం, నోరెండిపోవడం, మింగుడు పడకపోవడం, చివరికి ఊపిరాడకపోవడం, ఇంత జరిగినా స్పృహ తప్పకపోవడం. విషపు సారాన్ని తన నాలుకపైనే వేసుకుని చూశాడు. అది నాడుల పనిని అడ్డుకుంటుందని గ్రహించి, అతి స్వల్ప మోతాదులో ఇస్తే అదుపు తప్పిన కదలికలకు మందు కావచ్చని ఊహించాడు. విషం దేనివల్ల పుడుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో చేసిన ఊహ అది. ఈ చరిత్రలో దానికి సాటివచ్చే ఘట్టం మరొకటి లేదు.

కారణం 1895లో బయటపడింది. బెల్జియంలోని ఎలెజెల్ గ్రామంలో అంత్యక్రియలకు వాయించిన బ్యాండు బృందం పంది తొడ మాంసం తిని జబ్బుపడింది, ముగ్గురు చనిపోయారు. బాక్టీరియా శాస్త్రవేత్త ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలో గాలి అక్కర్లేకుండా పెరిగే బాక్టీరియాను పట్టుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఈ విషాన్ని ఆయుధంగా పరిశీలించింది. ఆ పరిశోధనల ఫలితంగానే 1946లో శుద్ధమైన స్ఫటికాలు తయారయ్యాయి. కండరానికి సంకేతం అందించే ఎసిటైల్‌కోలిన్ నాడి చివర నుంచి విడుదల కాకుండా ఈ విషం ఆపుతుందని 1949లో ఆర్నాల్డ్ బర్గెన్ బృందం చూపింది.

శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు ఆలన్ స్కాట్ వెతుకుతున్నది మెల్లకన్నుకు కత్తి అక్కర్లేని వైద్యం. ఆ సైనిక పరిశోధనల్లో పాల్గొన్న ఎడ్వర్డ్ షాంట్జ్ పంపిన విషాన్ని కోతుల కంటి కండరాల్లోకి ఎక్కించి, 1973లో ఫలితాలు ప్రకటించాడు. మనుషులపై ప్రయోగాల ఫలితాలు 1980లో వచ్చాయి. కంటి కండరాన్ని సడలించిన మందు రెప్పల కండరాన్నీ సడలించింది. సూది వేశాక రెండు మూడు రోజుల్లో గుణం మొదలై సుమారు మూడు నెలలుంటుంది. ఆ తర్వాత నాడి మళ్లీ సంకేతాలు పంపుతుంది గనక మళ్లీ సూది తప్పదు. ఆ తప్పనిసరితనం 1986లో రోగులను కుంగదీసింది. మందు అందిస్తున్న స్కాట్‌కు బాధ్యత బీమా దొరకక సరఫరా ఆగిపోయింది. కొందరు సూది కోసం కెనడా దాకా వెళ్లారు.

1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ మందును మెల్లకన్నుకూ, బ్లెఫరోస్పాజమ్, హెమీఫేషియల్ స్పాజమ్‌లకూ అనుమతించింది. అప్పటి పేరు ఆక్యులినమ్. అలర్గాన్ కంపెనీ కొన్నాక బొటాక్స్ అయింది. ముడతల కథ ఆ వైద్యం చాటునే మొదలైంది. వాంకూవర్‌లో కంటివైద్యురాలు జీన్ కరుథర్స్ రెప్పల బిగింపుకు సూదులు వేస్తుండగా రోగి నుదుటి గీతలు మాయమవడం కనిపించింది. చర్మవైద్యుడైన భర్త అలస్టెయిర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించింది. సౌందర్య చికిత్సగా అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం 2002లో.

హెమీఫేషియల్ స్పాజమ్‌కు సాధారణ కారణం మెదడు మొదట్లో రక్తనాళం ముఖనాడిని నొక్కడం. ఆ ఒత్తిడిని తొలగించే శస్త్రచికిత్సను పీటర్ జానెట్టా 1960ల నుంచి తీర్చిదిద్దాడు. అది మూలాన్నే సరిచేస్తుంది, కానీ పుర్రె తెరవాలి. వినికిడి దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందుకే చాలామంది రోగులు మూడు నెలలకోసారి సూదినే ఎంచుకుంటారు.