దక్షిణాకాశానికి పద్దు రాసినవాడు



మా బెళుగుప్ప కరువు సీమ. మబ్బులేని రాత్రులు ఎక్కువ గనుక నక్షత్ర దర్శనానికి మాత్రం లోటు లేదు. మే నెలలో రాత్రి తొమ్మిది దాటాక దక్షిణ దిక్కున దిగంతానికి పదిహేను డిగ్రీల ఎత్తున నాలుగు చుక్కల శిలువ కనిపిస్తుంది. త్రిశంకు స్వర్గమని కొందరు చెప్పేది దీనినే. దానికి ఎడమ ప్రక్కగా, మరికొంత పైన, పొగమంచు కమ్మినట్లుండే మసక చుక్క ఒకటి ఉన్నది. దాని పేరు ఒమేగా సెంటారీ. అది ఒక్క చుక్క కాదు, లక్షలాది నక్షత్రాల గుచ్ఛము.

మన చెరువుగట్టు మీద నుండి కనబడే ఈ వస్తువు పారిస్ నగరవాసికి ఏనాడూ కనబడదు. అక్కడ అది దిగంతము పైకి రానే రాదు. అందుకే నికొలా లూయీ ద లకాయి (1713-1762) అనే ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రవేత్త 1750లో ఓడ ఎక్కి ఆఫ్రికా దక్షిణాగ్రమందలి కేప్‌టౌన్‌కు పయనమైనాడు. 1751 ఆగస్టు నుండి 1752 జూలై వరకు, ఏడాదికి తక్కువ కాలంలోనే, దాదాపు పదివేల నక్షత్రాల స్థానాలు నమోదు చేశాడు.

ఆయన వాడిన దూరదర్శిని కటకము వెడల్పు అర అంగుళమే! వస్తువును ఎనిమిది రెట్లు మాత్రమే పెద్దదిగా చూపేది. ఆ దూరదర్శినిని ఒకచోట బిగించి, దాని కంటికటకంలో సమచతుర్భుజాకారపు చట్రమొకటి అమర్చాడు. భూభ్రమణం వలన చుక్కలు తామే ఆ చట్రంలోనికి వచ్చి, దాటిపోతాయి. వచ్చిన వేళ, పోయిన వేళ గడియారం చూసి వ్రాసుకొంటే చాలు, ఆ రెండు అంకెల నుండి చుక్క స్థానం లెక్కకు వస్తుంది.

ఈ పనిలోనే చుక్కలవలె కాక మసకగా తోచిన 42 వస్తువులను గుర్తించి, 1755లో జాబితాగా ప్రకటించాడు. చుక్కలు కానరాని మసకలు, మసకగా కనిపించే తారాగుచ్ఛాలు, మసక తోడుగా ఉన్న నక్షత్రాలు అని మూడు తరగతులు, తరగతికి పద్నాలుగు చొప్పున. శిలువ చెంతనున్న రత్నపేటిక అనే గుచ్ఛమూ, ఈటా కరీనా నీహారికా అందులోనివే. మొదటి తరగతిలోని ఒక మసక మన పాలపుంతకు ఆవల, కోటిన్నర కాంతిసంవత్సరాల దూరాన ఉన్న వేరొక గెలాక్సీ. దానిని నేడు ఎం 83 అంటారు. అది ఏమిటో ఆయనకు తెలియదు. ఎక్కడున్నదో మాత్రం తప్పక వ్రాశాడు.

ఇవన్నీ మనవారికి ముందే తెలుసు కదా అని నా విద్యార్థులు అడిగేవారు. కళ్ళతో చూశారనుటలో సందేహం లేదు. సూర్యసిద్ధాంతం దక్షిణాకాశంలోని అగస్త్య నక్షత్రానికి స్థానం కూడా చెప్పింది. అయితే మన గణితమంతా తిథులకు, గ్రహణాలకు, గ్రహగతులకు ఉద్దేశించినది. చంద్రమార్గానికి దూరాన ఉన్న మసకలతో పంచాంగకర్తకు పని పడలేదు. కనుక అవి మన కళ్ళ ముందే ఉండి గ్రంథాలకెక్కకుండా పోయినవి. పూర్వులను ఇందుకు తప్పుపట్టను. కాని వ్రాయని దానిని వ్రాసినట్లు చెప్పుకొనుట వారికి గౌరవం కాదు.

వ్రాసిన మనవారు లేకపోలేదు. మద్రాసు నక్షత్రశాలలో సహాయకుడుగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రమొకదానిని కనుగొన్నాడు. దాని పేరు ఆర్ రెటిక్యులి. మద్రాసు నుండి చూస్తే అది దక్షిణ దిగంతానికి 14 డిగ్రీల ఎత్తుకు మించి రాదు. ఆ మరుసటి యేడు ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించుటకు ఆయన మన వనపర్తికి వచ్చాడు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించింది.

ఇందులో ఒక విశేషమున్నది. ఆ నక్షత్రం ఉన్న రెటిక్యులం అనే తారామండలానికి ఆ పేరు పెట్టినవాడు లకాయియే. తన కంటికటకంలోని ఆ చట్రం జ్ఞాపకార్థం పెట్టాడు. ఫ్రాన్సు దేశీయుడు గీచిన చట్రంలో మనవాడు కొత్త చుక్కను చేర్చాడు. పద్దు వ్రాసి ఉంచినందువలననే తరువాతివాడికి దారి దొరికింది.

నేటి సామాన్యమైన బైనాక్యులర్ కూడా లకాయి దూరదర్శిని కంటె పెద్దదే. ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి, ఒమేగా సెంటారీని, రత్నపేటికను ఒకసారి చూడండి. చూసి ఊరకుండక తేదీ, వేళ వ్రాసి పెట్టుకోండి.