ఎవరి భద్రత, ఎవరి క్రమశిక్షణ? అణు ఒప్పందం ఓటింగు – అచ్చంపేట వైపు నుంచి ఒక పరిశీలన

2008 జూలై 22న లోక్‌సభలో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. అమెరికాతో అణు ఒప్పందం వద్దంటూ వామపక్షాలు మద్దతు వెనక్కి తీసుకోవడంతో వచ్చిన పరీక్ష అది. ప్రభుత్వం వైపు 275 ఓట్లు, ఎదురు 256 ఓట్లు పడ్డాయి. పదిమంది ఏ పక్కా ఓటెయ్యలేదు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటెయ్యాలని తెలుగుదేశం పార్టీ తన ఎంపీలకు విప్ ఇచ్చింది. నాగర్‌కర్నూల్ ఎంపీ మందా జగన్నాథం, చిత్తూరు ఎంపీ డి.కె.ఆదికేశవులు నాయుడు ఆ విప్‌ను కాదని ప్రభుత్వానికే ఓటేశారు. 2004 ఎన్నికల్లో తెలుగుదేశం లోక్‌సభకు గెలిపించుకున్నదే ఐదుగురిని. ఆ ఐదుగురిలో ఇద్దరు ఎదురు తిరిగారంటే చిన్న సంగతి కాదు.

ఈ ఘటన గురించి అప్పుడు రెండే రెండు మాటలు వినిపించాయి. పార్టీకి ద్రోహం చేశారన్నది ఒకటి. దేశ ప్రయోజనం కోసం పార్టీని కాదన్నారన్నది రెండోది. ఈ రెండు మాటలూ ఢిల్లీ నుంచీ హైదరాబాద్ నుంచీ పుట్టినవే. నాగర్‌కర్నూల్ పార్లమెంటు సీటు కింద అచ్చంపేట ఉంది. అచ్చంపేట కింద అమ్రాబాద్ పీఠభూమి ఉంది. ఆ నేల అడుగున యురేనియం ఉంటుందని అణుశాఖ వెతుకులాడింది. అణు ఒప్పందం మీద ఓటేసిన ఎంపీని పంపింది ఈ నేలే. మరి ఈ నేలమీద బతికే దళితులు, చెంచులు, లంబాడీలు ఆ చర్చలో ఎక్కడున్నారు? ఈ ప్రశ్నను చరిత్రలోకి తేవడమే మా ప్రయత్నం.

1

ముందుగా పార్టీ సంగతి చూద్దాం. తెలుగుదేశం చరిత్ర పొడుగునా నాయకుడి చుట్టూ చీలికలే కనిపిస్తాయి. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను దించి ముఖ్యమంత్రి అయ్యారు. జనం రోడ్లమీదికొచ్చి నెలరోజుల్లోనే ఎన్టీఆర్‌ను తిరిగి కూర్చోబెట్టారు. 1995 ఆగస్టులో చంద్రబాబు నాయుడు మెజారిటీ ఎమ్మెల్యేలను తన వైపు తిప్పుకుని ఎన్టీఆర్‌ను దించారు. ఈసారి ఎన్టీఆర్ తిరిగి రాలేదు. నాయకుణ్ణి కాదన్న తిరుగుబాటుతో నాయకుడైన మనిషే 2008లో నాయకుడి మాట జవదాటొద్దని విప్ పంపారు. గెలిచిన తిరుగుబాటును 'పార్టీని కాపాడుకోవడం' అంటారు. ఓడిన తిరుగుబాటుకు 'ఫిరాయింపు' అని పేరు పెడతారు.

ఈ పార్టీలో దళిత నాయకుడి స్థానమేమిటో అచ్చంపేట కన్నా బాగా చెప్పగల ఊరు తక్కువ. 1983లోనూ 1985లోనూ అచ్చంపేట రిజర్వుడు సీటు నుంచి తెలుగుదేశం తరఫున గెలిచిన పి.మహేంద్రనాథ్ ఎన్టీఆర్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా చేశారు. వెనకబడిన పాలమూరు జిల్లా నుంచి, అందులోనూ అడవి అంచు తాలూకా నుంచి వచ్చిన దళితుడి చేతికి రాష్ట్ర ఖజానా తాళాలు రావడం మామూలు విషయం కాదు. 1989 ఫిబ్రవరిలో బడ్జెట్ వివరాలు ముందే పత్రికలకెక్కాయని ఎన్టీఆర్ మొత్తం మంత్రివర్గాన్ని ఒక్కపెట్టున ఇంటికి పంపించారు. తప్పెవరిదో తేల్చే విచారణ లేదు, పార్టీలో చర్చ లేదు. అన్ని కులాల మంత్రులూ పోయారు, నిజమే. కానీ పోయిన తర్వాత నిలబడడానికి కులం, భూమి, కాంట్రాక్టులు, పత్రికలు ఉన్నవాడి సంగతి వేరు. రిజర్వుడు సీటు టికెట్టు తప్ప ఇంకేమీ లేనివాడి సంగతి వేరు.

2

ఇక ఒప్పందం సంగతి. 2005 జూలై 18న వాషింగ్టన్‌లో మన్మోహన్ సింగ్, జార్జి బుష్ ఉమ్మడి ప్రకటన చేశారు. 2006 మార్చిలో మన దేశం తన 22 అణు రియాక్టర్లలో 14ను పౌర అవసరాల కిందికి చేర్చి, అంతర్జాతీయ తనిఖీకి ఒప్పుకుంది. ఈ 14కు బయటి దేశాల నుంచి యురేనియం కొనుక్కోవచ్చు. మిగతా 8 తనిఖీ బయటే ఉంటాయి. వాటికి మాత్రం దేశంలో తవ్విన యురేనియమే దిక్కు. ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. బయటి నుంచి యురేనియం వస్తే మన అడవులకు తవ్వకాల బెడద తప్పుతుందనుకోవడానికి వీల్లేదని ఈ లెక్కే చెబుతుంది.

ఒప్పందాన్ని సమర్థించినవాళ్లకు ఒక వాదన ఉంది. యురేనియం కొరతతో రియాక్టర్లు పూర్తి సామర్థ్యంతో నడవని రోజులవి. కరెంటు కావాలి కాబట్టి ఒప్పందం కావాలన్నారు. వామపక్షాలు మన విదేశాంగ విధానం అమెరికా గుప్పిట్లోకి పోతుందన్నాయి. బీజేపీ అణుపరీక్షలు చేసుకునే హక్కు పోతుందన్నది. ఇట్లా ప్రతివాళ్లూ దేశభద్రత పేరే చెప్పారు. సమాజ్‌వాదీ పార్టీ అంతవరకు తెలుగుదేశంతో కలిసి మూడో కూటమిలో ఉండి, మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఒప్పందం మంచిదన్నారని చెప్పి రాత్రికి రాత్రే ప్రభుత్వం వైపు మళ్లింది. ఓటింగు రోజున బీజేపీ ఎంపీలు సభలో నోట్ల కట్టలు చూపించారు. సీపీఎం తన సభ్యుడే అయిన స్పీకర్ సోమనాథ్ ఛటర్జీని మర్నాడే పార్టీ నుంచి వెళ్లగొట్టింది. దేశభద్రత అనే మాట ఒక్కో పార్టీని ఒక్కో తీరుగా చీల్చింది.

తెలుగుదేశం వైఖరిలో ఇంకో మెలిక ఉంది. 1998లో కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వం పోఖ్రాన్ పరీక్షలు చేసినప్పుడు ఈ పార్టీ ఆ ప్రభుత్వానికి అండగా నిలబడింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వస్తే చంద్రబాబు ప్రభుత్వం పండుగలాగా స్వాగతం చెప్పింది. ఎనిమిదేళ్లకు అదే అమెరికాతో ఒప్పందం దేశానికి ప్రమాదమని అన్నది. అభిప్రాయం మారడం తప్పు కాదు. మార్పుకు కారణాలు గ్రామాల్లో, మండలాల్లో కార్యకర్తల ముందు పెట్టి ఉంటే అది రాజకీయ విద్య అయ్యేది. నాగర్‌కర్నూల్‌కూ చిత్తూరుకూ ఆ చర్చ రాలేదు, విప్ వచ్చింది.

3

దళిత ఉద్యమం ఈ ఓటింగును ఇంకో కోణం నుంచి కూడా చూడాలి. ఆ జూలైలో వామపక్షాలు, తెలుగుదేశం, ఇంకొన్ని పార్టీలు మాయావతి చుట్టూ చేరాయి. ప్రభుత్వం పడిపోతే ఆమే ప్రధాని అన్న మాట మొదటిసారి గట్టిగా వినిపించింది. ఒక దళిత మహిళ ప్రధాని పదవి అంచుదాకా వచ్చిన వేళ, తెలుగు నేలమీది ఒక దళిత ఎంపీ అటువైపు కాక ఇటువైపు ఓటేశారు. దీన్ని చూపి జాతి ద్రోహమన్న మాట అనడం సులువు. ఆ మాట మేం అనబోవడం లేదు. ఆ కూటమి మాయావతిని ముందు పెట్టింది దళిత రాజ్యం కోసమా, లెక్క కుదరడం కోసమా అని అడిగే హక్కు మనకుంది. జగన్నాథం మనసులో ఏముందో తీర్పు చెప్పే పని కూడా మాది కాదు. ఆయన్ని అట్లాంటి ఇరుకులో నిలబెట్టిన వ్యవస్థే మాకు ముఖ్యం.

ఆ వ్యవస్థకు పునాది 1932 సెప్టెంబరు 24న పూనాలో పడింది. వేరు ఓటర్ల జాబితా పోయి, అందరూ ఓటేసే రిజర్వుడు సీట్లు వచ్చాయి. ఇట్లా గెలిచినవాళ్లు దళితుల ప్రతినిధులు కాలేరని, సవర్ణుల ఓట్లమీదా పార్టీ దయమీదా బతకాల్సి వస్తుందని అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో వివరంగా వాదించారు. దీనికి తోడు 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిషేధం వచ్చింది. డబ్బుకు అమ్ముడుపోవడాన్ని ఆపడానికి తెచ్చిన చట్టం, ఆచరణలో నాయకుడి మాటకు చట్టబద్ధత ఇచ్చింది. జనరల్ సీటు ఎంపీకి ఒక సంకెల ఉంటే రిజర్వుడు సీటు ఎంపీకి రెండయ్యాయి.

తర్వాత జరిగింది చూడండి. ఆదికేశవులు నాయుడు అదే ఏడాది తిరుమల తిరుపతి దేవస్థానం బోర్డు అధ్యక్షుడయ్యారు. జగన్నాథం 2009లో కాంగ్రెస్ టికెట్టుమీద అదే రిజర్వుడు సీటు నుంచి మళ్లీ గెలిచారు. అదే ఎన్నికల్లో అచ్చంపేట అసెంబ్లీ సీటును మాత్రం తెలుగుదేశం అభ్యర్థి పి.రాములు గెలిచారు. జగన్నాథం ఆ తర్వాత టీఆర్ఎస్‌కు వెళ్లారు, 2024లో బీఎస్పీలో చేరారు. 2008లో ఎవరి పేరు ప్రధాని పదవికి వినపడినప్పుడు ఎదురు ఓటేశారో, చివరికి ఆమె పార్టీ గడపే ఎక్కారు. 2025 జనవరిలో చనిపోయారు. ఒక నాయకుడి గుమ్మం దిగి ఇంకో నాయకుడి గుమ్మం ఎక్కడం తప్ప రిజర్వుడు సీటు మనిషికి మూడో దారి మనం తయారుచేయలేదు. ఈ మాట ఆయన కన్నా ఎక్కువగా మన గురించే చెబుతుంది.

4

ఒప్పందం 2008 అక్టోబరులో సంతకాలదాకా పోయింది. పదేళ్లు దాటిన తర్వాత దాని లెక్క అచ్చంపేట గడపలోకొచ్చింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటలున్న అడవి అది. కృష్ణ నీళ్లకు పక్కనున్న అడవి. తవ్వితే నీళ్లేమవుతాయి, పెంటలేమవుతాయి అని అమ్రాబాద్, పదర, మన్ననూరు జనం అడిగారు.

ఈ ప్రశ్న అంతకుముందే పక్క జిల్లాలో పుట్టింది. నల్లగొండ జిల్లా లంబాపురం–పెద్దగట్టులో యురేనియం గని పెడతామంటే 2003 ఆగస్టులో జరిగిన బహిరంగ విచారణలో జనం గట్టిగా అడ్డం తిరిగారు. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది తెలుగుదేశం ప్రభుత్వమే. అయినా 2008లో ఈ పార్టీ అణు ఒప్పందాన్ని కాదన్నప్పుడు లంబాపురం పేరు ఎత్తలేదు. అమెరికా పేరే ఎత్తింది. 2014–19లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ అధికారంలోకి వచ్చాక శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా కంపెనీ రియాక్టర్ల కోసం భూసేకరణ ముందుకు నడిపింది. కొవ్వాడ రియాక్టర్లు ఆ ఒప్పందం బిడ్డలే. అక్కడ కదలాల్సి వచ్చేది మత్స్యకారులు.

2019లో నల్లమల పోరాటం అచ్చంపేట దాటి రాష్ట్రమంతా అల్లుకుంది. సెప్టెంబరు 16న తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏ పార్టీలోనూ చీలిక రాలేదు, ఏ విప్పూ అక్కర్లేకపోయింది. జనం ముందు నడిస్తే నాయకులు వెనక నడుస్తారని అచ్చంపేట చూపించింది. అయితే ఆ తీర్మానం అభిప్రాయమే. అణుఖనిజాలమీద అధికారం కేంద్రానిదే. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు, కీలక ఖనిజాల గనులకు బహిరంగ విచారణ అవసరం లేదని ఉత్తర్వు ఇచ్చింది. చెప్పిన కారణాల్లో దేశరక్షణ ఒకటి. లంబాపురంలో జనం నోరు విప్పిన చోటే ఇప్పుడు తలుపు మూశారు.

5

దేశభద్రత అంటే మావోళ్లకు తెలియని సంగతేం కాదు. నల్లమల పల్లెలు పోలీసు క్యాంపులనూ చూశాయి, దళాలనూ చూశాయి. 2004లో శాంతి చర్చలంటే ఊపిరి పీల్చుకున్నాయి. 2005 ఆగస్టులో మళ్లీ నిషేధం వస్తే మళ్లీ బిగదీసుకున్నాయి. భద్రత పేరు మీద ఎవరు ఇళ్లు విడిచారో, ఎవరు అడవి పోకుండా ఆగిపోయారో ఈ ఊళ్లకు ఎరుకే. ఆ ఎరుక పార్లమెంటు చర్చదాకా పోలేదు.

కాబట్టి 2008 ఓటింగును నాయకుడికి విధేయత, దేశానికి విధేయత అన్న రెండు గంపల్లో వేసి తూచడం చాలదు. ఆ రెండు గంపలూ ఢిల్లీ తక్కెడవే. మన తక్కెడలో ఇంకో రాయి ఉండాలి. ఓటర్లకు జవాబు చెప్పడం అనే రాయి. రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్లు ఇట్లాంటి ఓటింగుకు ముందు తమ నియోజకవర్గం దళితవాడలకూ తండాలకూ పెంటలకూ వచ్చి, ఏ కారణంతో ఎటు ఓటేస్తారో చెప్పి తీరాలని అడిగే సంఘాలు మనకు కావాలి. టికెట్టు పోతే ఆ మనిషి వెనక నిలబడే శక్తి కూడా ఆ సంఘాలకే ఉండాలి. లేకపోతే ఇంకో ఒప్పందం వస్తుంది, ఇంకో విప్ వస్తుంది, మన మనిషి ఏ మీట నొక్కినా అది ఇంకొకరి మీటే అవుతుంది. అచ్చంపేట నుంచి మహేంద్రనాథ్, నాగర్‌కర్నూల్ నుంచి జగన్నాథం నడిచిన దారులు మనకు నేర్పేది ఇదే. ఈ పని మొదలుపెట్టాల్సింది మనమే.