మ్యూల్ ఖాతాల కట్టడి: వ్యవస్థల వేగం, ఖాతాదారు హక్కు

సైబర్ నేరగాడు కాజేసిన సొమ్ము సాధారణంగా అతని సొంత ఖాతాలో పడదు. కమీషన్‌కు ఆశపడి ఖాతాను అద్దెకిచ్చిన విద్యార్థి పేరనో, రోజుకూలీ పేరనో జమై, నిమిషాల్లో ముక్కలై మరికొన్ని ఖాతాలకు పాకి, చివరకు నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. ఈ అద్దె ఖాతాలనే మ్యూల్ ఖాతాలంటున్నారు. అక్రమ ధనంపై మన ప్రభుత్వాల పోరాటం ఎంత ఫలిస్తోందో తేల్చడానికి ఇవే సరైన గీటురాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

మనీలాండరింగ్ నిరోధక చట్టం 2002లో వచ్చింది, 2005 జూలై 1 నుంచి అమలైంది. రూ.10 లక్షలు దాటిన నగదు లావాదేవీలను బ్యాంకులు 2004లో ఏర్పడిన ఆర్థిక నిఘా విభాగానికి నివేదించాలి. 2023 మార్చిలో క్రిప్టో సంస్థలూ ఈ చట్టం కిందికి వచ్చాయి. అయితే నగదు నివేదిక మరుసటి నెల 15లోగా చేరితే చాలు. యూపీఐ సొమ్ము అన్నాళ్లు ఆగదు.

ఆ లోటును కొంతైనా పూడ్చింది 2021లో మొదలైన సైబర్ మోసాల ఫిర్యాదు వ్యవస్థ. బాధితుడు 1930కి ఫోన్ చేయగానే వివరాలు అతని బ్యాంకుకు చేరతాయి. సొమ్ము అక్కడుంటే నిలిపేస్తారు, దాటిపోతే సమాచారం తర్వాతి బ్యాంకుకు వెళ్తుంది. ఇందులో సాంకేతికత కన్నా సంస్థలు ఒకే గొలుసులో పనిచేయడమే అసలు మార్పు. 2024 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ బ్యాంకుల, టెలికాం సంస్థల, పోలీసుల ప్రతినిధులను ఒకే కేంద్రంలో కూర్చోబెట్టింది. అదే ఏడాది డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన ‘మ్యూల్‌హంటర్’ కృత్రిమ మేధతో అనుమానిత ఖాతాలను పసిగడుతుంది. ఫిర్యాదు రాకముందే ఖాతాను గుర్తించగలగడం దీని విలువ.

ఇక్కడే ఒక అన్యాయాన్ని గట్టిగా చెప్పాలి. దొంగసొమ్ములో రెండొందలు ఎవరో టిఫిన్ బండి దగ్గర ఖర్చుపెడితే, ఆ గొలుసు వెంట వచ్చిన పోలీసు నోటీసు బండివాడి ఖాతా మొత్తాన్ని స్తంభింపజేయవచ్చు. నోటీసిచ్చిన స్టేషన్ వేరే రాష్ట్రంలో ఉంటే అతను ఎవరిని అడగాలి? భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షన్ పోలీసులకు జప్తు అధికారం ఇచ్చింది కానీ, ఖాతాను ఎన్నాళ్లు నిలిపి ఉంచవచ్చో అందులో గడువు లేదు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు సొమ్ము తిరిగి ఇప్పిస్తున్నారు. మోసపోయినవారికి దొరికిన ఆ దారి, పొరపాటున చిక్కుకున్నవారికీ కావాలి.

మనీలాండరింగ్ నిరోధక చర్యలను మదింపు చేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2024లో భారత్‌ను మెరుగైన శ్రేణిలో ఉంచుతూనే, మనీలాండరింగ్ కేసుల విచారణ ముగింపులో జాప్యాన్ని తప్పుపట్టింది. ఆ విమర్శ న్యాయమైనదే. కేసు తేలనంత కాలం జప్తే శిక్షవుతోంది.

వివాదంలో ఉన్న మొత్తాన్నే నిలిపి మిగతా సొమ్మును ఖాతాదారు వాడుకోనివ్వాలి. కారణం రాతపూర్వకంగా తెలపాలి. విడుదలకు గడువును పార్లమెంటు 106వ సెక్షన్‌లోనే చేర్చాలి.